అనధికార అవగాహన

జోడువాగు బస్టాండులో పంతొమ్మిదేళ్ళపాటు భాష రాక బస్సు తప్పిపోయిన ప్రయాణికుడు ఒక్కడూ లేడు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. అప్పట్లో మాకు భాషా విధానమంటూ ఒకటి లేదని ఒప్పుకోవడానికి చెబుతున్నాను.

నా పేరు మల్హారి. సరిహద్దు రవాణా మండలి, జోడువాగు డిపోలో జూనియర్ అసిస్టెంటుని. ఈ కథలో వచ్చే ఉత్తర్వులన్నీ నేను టైపు చేసినవే. అక్షరదోషాలుంటే నావి. మిగతావి పైవాళ్ళవి.

మా ఊరికి మూడు దిక్కులా అడవి, నాలుగో దిక్కున రాష్ట్రం సరిహద్దు. కొండమీద కొలామీ, కొండకింద గోండి, తండాల్లో లంబాడీ, వాగు అవతల మరాఠీ, బజార్లో ఉర్దూ, ఆఫీసుల్లో తెలుగు. మా పాలవాడు ఒక భాషలో నీళ్ళు కలిపి ఇంకో భాషలో ఒట్టు వేస్తాడు. రెండూ మాకు అర్థమవుతాయి కాబట్టి గొడవ లేదు.

బస్టాండులో మైకు ముందు కూర్చునేది తుల్జాబాయి. నలభై అయిదేళ్ళ మనిషి, భర్త పోయాడు, పిల్లల్లేరు. పంతొమ్మిదేళ్ళుగా టెంపరరీ. బస్సు ఫ్లాట్‌ఫారం మీదికి రాగానే మైకు నొక్కి, దీర్ఘం తీసి గొంతు సవరించుకుని, "బోరిగూడ గాడీ మూడో నంబర్ల ఉన్నది, లవ్‌కర్ చలా, జల్దీ ఆవో, యాడీ, మూట మర్వకు!" అనేది. చివర కొండవాళ్ళ కోసం గోండిలో ఒకటి, కొలామీలో ఒకటి తగిలించేది. అంతా కలిపి తొమ్మిది సెకన్లు. ఎవరి మాట వాళ్ళు ఏరుకుని బస్సెక్కేవాళ్ళు.

ఒకరోజు రాజధాని నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన బస్సు ఆలస్యమై ఇరవై నిమిషాలు మా బస్టాండులో కూర్చున్నాడు. వెళ్ళి పేపర్లో వ్యాసం రాశాడు. జోడువాగు బస్టాండు భాషల తోట అన్నాడు. ఆ తోటకు తోటమాలి లేడని చివర్లో విచారించాడు. ఆ ఒక్క వాక్యంతో మా జాతకం మారిపోయింది. రెండు నెలలు తిరగకుండా ఆ సంవత్సరాన్ని భాషా గౌరవ సంవత్సరంగా ప్రకటించారు. మా డిపోకు ప్రత్యేక భాషా గౌరవాధికారిగా మార్తాండరావు గారిని వేశారు.

మార్తాండరావు గారు మంచివారు. ఇది ముందే చెప్పడం మంచిది. ఎవరిమీదా గొంతు పెంచరు. నమస్కారం పెడితే తిరిగి రెండు చేతులతోనూ పెడతారు. వచ్చిన రోజునే తుల్జాబాయి పక్కన కుర్చీ వేసుకుని మూడు బస్సుల ప్రకటనలు విన్నారు. విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, తమరు తొమ్మిది సెకన్లలో ఆరు భాషలను అవమానపరుస్తున్నారు," అన్నారు ఎంతో మెత్తగా.

తుల్జాబాయి కంగారుపడి నా వైపు చూసింది. "నేనేమన్న సారు? మూట మర్వకు అన్న, గంతే గదా?"

"మూట విషయం కాదమ్మా. మరాఠీకి రెండు మాటలు. ఉర్దూకు రెండు మాటలు. లంబాడీ భాషకు అమ్మ అనే ఒక్క మాట! ఒక మహత్తర భాషను ఒక్క పిలుపునకు కుదించుట న్యాయమా? ప్రతి భాషకును పూర్తి వాక్యము, పూర్తి గౌరవము లభించవలెను. ఒకదానినొకటి తాకరాదు."

మరుసటి రోజు నేను టైపు చేసిన మొదటి ఉత్తర్వు అదే. దానితోపాటు ఆరు భాషల్లోకీ అనువదించవలసిన ఆదర్శ ప్రకటన ఒకటి వచ్చింది. తెలుగులో అది ఇలా మొదలవుతుంది: "మహాజనులారా, భిన్న భాషల సంగమస్థలియైన జోడువాగు ప్రయాణ ప్రాంగణమునకు సుస్వాగతము. బోరిగూడ గ్రామమునకు ప్రస్థానోన్ముఖమై యున్న వాహనము తృతీయ వేదికపై తమ శుభాగమనమునకై నిరీక్షించుచున్నది." దాని తర్వాత ఇంకా నాలుగు వాక్యాలున్నాయి.

తుల్జాబాయి కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "సారు, ఇండ్ల బస్సు యాడున్నది?"

"వాహనము అన్నాము కదమ్మా."

మొదటిసారి అది చదివినప్పుడు బెంచీ మీద కూర్చున్న ముసలామె పక్కవాళ్ళను అడిగింది, "ఎవలిదన్న పెండ్లా?" అని.

ఒక్కో భాషకు రెండు నిమిషాలు. ఆరు భాషలకు పన్నెండు. మా డిపో మేనేజరు పోశెట్టి సారు స్టీరింగు పట్టుకుని పైకొచ్చిన మనిషి. ఆయనకు నిమిషాలంటే ప్రాణం. వెళ్ళి అడిగాడు.

"సార్, బోరిగూడ బస్సు అయిదు నిమిషాలే ఆగుతది. ప్రకటన పన్నెండు నిమిషాలైతే ఎట్ల?"

"బస్సు ఆగవచ్చును పోశెట్టి గారూ. గౌరవము ఆగరాదు."

అంతటితో బస్సులు ఆగడం మొదలయింది.

ఏ భాష ముందు, ఏది వెనక అనే ప్రశ్న ఆ వారంలోనే వచ్చింది. వరుసగా ఆరు రోజులు ఆరు సంఘాల వాళ్ళు వచ్చి మేమే ముందన్నారు. ఏడో రోజు ఆదివారం కాబట్టి ఎవరూ రాలేదు. నేను కూర్చుని పట్టిక తయారుచేశాను. రోజుకో భాష ముందు, ముందురోజు మొదట వచ్చినది ఆఖరికి. అందరికీ నచ్చింది. నచ్చేసరికి లేనివాళ్ళకు కూడా కావాలనిపించింది.

బ్యాంకు ఉద్యోగులు వచ్చి హిందీ ఏదన్నారు. ఎప్పుడో వచ్చి స్థిరపడిన బెంగాలీ కుటుంబాల వాళ్ళు దండతో వచ్చారు. కోస్తా నుంచి వచ్చి పత్తి పండించే రైతులు, "ఏమండీ, మీరు చదివేది మా తెలుగు కాదండీ, మా తెలుగు వేరే పెట్టండి," అన్నారు. బజారు మరాఠీ వాళ్ళు తమకూ వాగవతలి మరాఠీకీ సంబంధం లేదన్నారు. చివరికి రిటైరైన మాస్టారు ఒకాయన సంస్కృతం కావాలని దరఖాస్తు పెట్టాడు.

"బోరిగూడకు సంస్కృతం మాట్లాడేటోళ్ళు ఎవరన్న పోతరా సార్?" అని పోశెట్టి సారు అడిగాడు.

"పోరు. కావుననే ఫిర్యాదులు రావు," అని మార్తాండరావు గారు ఆనందంగా సంతకం పెట్టారు.

పదకొండు భాషలయ్యాయి. ఇరవై రెండు నిమిషాలు. తుల్జాబాయి ఒక బస్సుకు చదవడం ముగించేసరికి ఇంకో రెండు బస్సులు వచ్చి దాని వెనక హారన్లు కొట్టేవి. ఆమె గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం ఫ్లాస్కులో తెచ్చుకునేది. అయినా పదకొండింటినీ తప్పు లేకుండా చదివేది. పట్టుదల మనిషి.

అప్పుడు మార్తాండరావు గారు ఒక సంగతి కనిపెట్టారు. ఆ రోజు పట్టికలో గోండి వంతు గనక తుల్జాబాయి మొదట గోండి ప్రకటన చదువుతోంది. బస్సులోకి చూస్తే కోస్తా రైతులు ముందు సీట్లలో కూర్చుని ఉన్నారు. వాళ్ళ ప్రకటనకు ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది.

ఆయన మనసు నిజంగానే కష్టపడింది. నన్ను పిలిపించి, "మల్హారీ, చూచితివా? తమ భాష పలుకకముందే అన్యభాషలో గ్రహించి బస్సెక్కుచున్నారు. ఇక వారి భాషకు మనమిచ్చు గౌరవము ఎవరు స్వీకరించవలెను?" అన్నారు.

ఆయన రెండు రోజులు ఆలోచించి ఆ నేరానికి పేరు పెట్టారు. అనధికార అవగాహన. మండలి చరిత్రలో అంత చక్కటి మాట నేను టైపు చేయలేదు.

ఆ రోజు నుంచి ప్రతి ప్రయాణికుడూ గేటు దగ్గర మాతృభాష రాయించుకుని స్లిప్పు తీసుకోవాలి. మొదటి స్లిప్పు మార్తాండరావు గారే తీసుకున్నారు, తెలుగు అని. తన భాషలో ప్రకటన ముగిశాకే బస్సెక్కాలి. ముందే ఎక్కితే దింపేస్తారు. పక్కగదిలో కూర్చోబెట్టి అతని మాతృభాషా ప్రకటనను మూడుసార్లు వినిపిస్తారు. దానికి శ్రవణ శిక్షణ అని పేరు. మూడోసారి అయ్యేసరికి బస్సు వెళ్ళిపోయేది.

తనిఖీకి మారుతి అనే చెకింగు ఉద్యోగిని వేశారు. మారుతి నిజాయితీపరుడు. రూలు ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి నడుస్తాడు, మధ్యలో ఆగి ఆలోచించడు. మొదటి రోజే కొండమీది పెద్దాయన టేకం జంగును పట్టుకొచ్చాడు. స్లిప్పు మీద కొలామీ. ఎక్కింది మరాఠీలో.

మార్తాండరావు గారు ఆయనకు కుర్చీ వేయించి మంచినీళ్ళిప్పించారు. "పెద్దాయనా, తమరికి మరాఠీ వచ్చునా?"

"రాదు సారు."

"మరి మరాఠీ ప్రకటన తమకు ఎట్లు అర్థమైనది?"

"నాకేం అర్థం కాలె సారు."

"అర్థము కాకుండ బస్సెట్లు ఎక్కితిరి?"

జంగు కొంచెంసేపు ఆయన ముఖంలోకి చూశాడు. తనను ఆట పట్టిస్తున్నారేమోనని అనుమానం వచ్చినట్టుంది. "బస్సు కనవడ్డది సారు," అన్నాడు.

మార్తాండరావు గారు నా వైపు తిరిగి, "భాషేతర అవగాహన. వేరే రిజిస్టరు తెరువుము," అన్నారు.

నెలలో మూడువందల పన్నెండు కేసులయ్యాయి. ఎక్కువమంది నిరపరాధులమని నిరూపించుకోవడానికి పక్కవాళ్ళ భాష తమకు ఒక్క ముక్క రాదని రాసి సంతకం పెట్టారు. నలభై ఏళ్ళుగా ఒకే గోడకు అటూ ఇటూ కాపురముండి పిండీ పచ్చడీ ఇచ్చిపుచ్చుకున్న ఇద్దరాడవాళ్ళు నా టేబులు ముందే నిలబడి, ఆమె మాట నాకు తెల్వదంటే ఆమె మాట నాకు తెల్వదని రాశారు. రాశాక ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. నేనూ ఫైలులోకి చూస్తూ ఉండిపోయాను.

తుల్జాబాయి వంతు ఆ తర్వాత వచ్చింది. ఆమె ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు మూడేళ్ళుగా పైకీ కిందికీ తిరుగుతోంది. మార్తాండరావు గారు దాన్ని స్వయంగా తీయించారు. ఆమెకు మేలు చేద్దామనే. ఇప్పుడు కొత్త ఫారం ఒకటి నింపాలి. అందులో మాతృభాష అని ఒక గడి ఉంది.

"చెప్పమ్మా. మాతృభాష?"

"ఏ ఏళకు సారు?"

"అన్ని వేళలకు ఒకటే యుండునమ్మా. తల్లి మాట్లాడిన భాష."

తుల్జాబాయి నిజాయితీగా ఆలోచించింది. "మా అమ్మ మరాఠీది సారు. మా నాయిన గోండు. అమ్మ మమ్ములను జోకొట్టింది గోండిల, ఎందుకంటే ఆ పాట మా నాయినమ్మ నేర్పింది. తిట్టింది తెలుగుల. పైసలు లెక్క పెట్టింది మరాఠీల. అమ్మకు సుస్తీ అయితే పక్కింటి ఖాలా సాకింది, ఆమెతోని ఉర్దూ. ఎండల పనికి పోతే తండోళ్ళతోని లంబాడీ. ఇండ్ల ఏది రాయమంటరు?"

"ఒకటి ఎన్నుకొనుము."

"ఒకటి రాస్తే మిగిలినయి అమ్మ అనలేదన్నట్టు గదా సారు? అబద్ధం ఎట్ల రాయాలె?"

ఆయన ఫారం దగ్గరికి లాక్కున్నారు. గడి చిన్నది. బహువచనం పట్టదు. ఖాళీగా వదిలితే పై ఆఫీసు తిప్పి పంపుతుంది. చివరికి నాతో ఈ ఉత్తర్వు టైపు చేయించారు: "శ్రీమతి తుల్జాబాయికి మాతృభాష నిర్ధారణ కానందున, ఆమె భాషారహితగా పరిగణింపబడుచు, ఏ భాషలోను ప్రకటన చేయుటకు అర్హురాలు కాదు. విధులలో కొనసాగవచ్చును. మాట్లాడరాదు."

కాగితం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివింది.

"ఇంట్ల గూడనా, మల్హారన్నా?"

నేను ఉత్తర్వు మళ్ళీ చూశాను. "లేదక్కా. డ్యూటీ టైంలనే."

"ఇంట్ల ఎవరున్నరు మాట్లాడనీకె," అంది. కాగితం మడిచి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది.

మైకు దగ్గరికి పదకొండుమంది వచ్చారు, భాషకొకరు. ఒకే భాష వచ్చినవాళ్ళని వెతికి తేవడానికి చాలా కష్టమయింది. జోడువాగులో దొరకలేదు. దూరం నుంచి తెప్పించాం. వాళ్ళకు ఒకరి మాట ఒకరికి తెలియదు గనక ఎవరి వంతు ఎప్పుడో తెలిసేది కాదు. ఒకరోజు నలుగురు ఒకేసారి మైకు పట్టుకున్నారు. ఇంకోరోజు నువ్వు కానీ నువ్వు కానీ అని మర్యాదకు పోయి గంటసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ గంటలో బస్సులన్నీ టైముకు బయలుదేరాయి. పోశెట్టి సారు ఎవరికీ చెప్పొద్దన్నాడు.

తుల్జాబాయిని విచారణ కౌంటరులో కూర్చోబెట్టారు. ముందు ఒక బోర్డు పెట్టారు: ఇచట మాట్లాడబడదు. జనం వచ్చి ఊరి పేరు చెప్పేవాళ్ళు. ఆమె నోరు తెరవకుండా వేలు చూపించేది. బస్టాండంతా మెల్లగా ఆ కౌంటరు చుట్టూ చేరింది.

మార్తాండరావు గారు వచ్చి చూశారు. "అమ్మా, ఆ వేలు ఏ భాషకు చెందినది?"

ఆమె మాట్లాడకూడదు కాబట్టి జవాబు చెప్పలేదు.

ఏ భాషకూ చెందని వేలును ఆఫీసు సమయంలో వాడటం సరికాదని తేలింది. చేతులు బల్ల కింద ఉంచవలెనని ఉత్తర్వు వెళ్ళింది. ఆమె అలాగే ఉంచింది. జనం ఆమె కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూసి అటు పరిగెత్తసాగారు. కళ్ళ విషయంలో స్పష్టత కోరుతూ పై ఆఫీసుకు రాశాం.

స్పష్టతకు బదులు మండలి కమిషనర్ మేడమే వచ్చారు. భాషా గౌరవంలో మా బస్టాండు ఆదర్శమని పేరొచ్చింది. మార్తాండరావు గారికి అక్కడే శాలువా కప్పుతారని కబురు. షామియానా వేశాం. పదకొండుమంది ప్రకటనకర్తలు ఉతికిన బట్టలతో వరుసగా నిలబడ్డారు. మేడం వచ్చేసరికి నాలుగో భాష నడుస్తోంది. స్వాగతం కావాలంటే ఇంకా పద్నాలుగు నిమిషాలాగాలి. ఆమె వాచీ చూసుకుంటూ నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడే ఒక ముసలమ్మ గేటు బయట బస్సు దిగింది. మడత నలగని నేతచీర, చేతిలో ఇత్తడి డబ్బా. గేటు దగ్గర మారుతి ఆపి మాతృభాష అడిగాడు. ఆమె ఏదో చెప్పింది. మారుతి పదకొండు గడుల వైపూ చూసి, తల గోక్కుని, "తెలియరాలేదు" అని స్లిప్పు రాసి లోపలికి పంపాడు. ఆమె స్తంభానికి ఆనుకుని ప్రకటనలు విన్నది. ఏదీ ఆమె కోసం కాదు. తిరిగి తిరిగి విచారణ కౌంటరు దగ్గరికొచ్చి, బల్లకు చెయ్యి ఆనించి, తుల్జాబాయిని అడిగింది.

సగం మరాఠీ, సగం తెలుగు, మధ్యలో కన్నడం ముక్కలు. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఎక్కడో తరతరాలుగా కాపురమున్నవాళ్ళ ఇంటి మాట అది. కొడుకును చూడటానికి వచ్చాననీ, అర్ధరాత్రనకా అపరాత్రనకా ఉద్యోగం ఉద్యోగమంటాడనీ, వాడికిష్టమని నువ్వుల ఉండలు తెచ్చాననీ, ఇక్కడెవరూ పలకడం లేదేమిటనీ చెప్పుకొచ్చింది.

నలభై ఒక్క రోజులుగా డ్యూటీలో మాట్లాడని తుల్జాబాయి బోర్డు వైపు చూసింది. నా వైపు చూసింది. నేను వేరే వైపు చూశాను. ఆ నెలలో నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఆమె చేతులు పైకి తీసి ముసలమ్మ చెయ్యి పట్టుకుంది. "యా ఆయీ, కూసో. ఏం భయం లేదు. నీ కొడుకు పేరు జెప్పు, నేను తోల్కొస్త," అంటూ ముసలమ్మ మాటల్లోనే, వచ్చినన్ని కలుపుతూ, రానిచోట తనవి అతుకుతూ మాట్లాడింది. ముసలమ్మ ముఖం విచ్చుకుంది. ఇద్దరూ అలా ఎంతసేపు మాట్లాడుకున్నారో తెలియదు. చుట్టూ జనం మూగారు. ప్రకటనకర్తలు కూడా చదవడం ఆపి వింటున్నారు.

మారుతి రిజిస్టరుతో పరిగెత్తుకొచ్చాడు. వెనకే మార్తాండరావు గారు, వారి వెనక కమిషనర్ మేడం.

"అమ్మా, ఇదేమి? ఉత్తర్వు..." అని ఆయన మొదలుపెట్టి ఆగిపోయారు.

ముసలమ్మ లేచింది. "కాయ్ రే మార్తాండా, జేవ్‌లాస్ కా? ఎంత చిక్కిపోయినావురా! బా కందా, బా!"

అన్నం తిన్నావా అని అడుగుతోందనీ, దగ్గరికి రమ్మంటోందనీ అక్కడున్న ఎవరికీ ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

మార్తాండరావు గారి నోటినుంచి మేమెప్పుడూ వినని గొంతు వచ్చింది. "జేవ్‌లో ఆయీ, కడుపు నిండా జేవ్‌లో. నువ్వొక్కదానివే ఎందుకొస్తివి?" అని ఒంగి ఆమె కాళ్ళకు దండం పెట్టారు. ఆమె డబ్బా మూత తీసి అందరిముందూ ఒక నువ్వులుండ ఆయన నోట్లో పెట్టింది.

మారుతి రిజిస్టరు తెరిచాడు. దురుద్దేశం లేదు, రూలు అక్కడికి తీసుకెళ్ళింది. "సార్, తమరి స్లిప్పు మీద తెలుగు అని ఉన్నది. ఇప్పుడు తమరు మాట్లాడింది ఏం రాయాలె?"

ఆయన నోట్లో ఉండ ఉంది.

కమిషనర్ మేడం ముందుకొచ్చారు. "మార్తాండరావు గారూ, ఇది మీ పదకొండులో ఎన్నోది?"

ఆయన నమిలారు. మింగారు. తల్లి వైపు చూశారు, తర్వాత తుల్జాబాయి వైపు. ఇది ఏ భాషా కాదంటే కన్నతల్లి భాషారహిత అవుతుంది. ఏదో ఒకటంటే అబద్ధమవుతుంది. విధానం తప్పంటే శాలువా పోతుంది.

"మేడం," అన్నారు చివరికి, గొంతు సవరించుకుని, "ఇది పన్నెండవ భాష. ఈ ప్రాంతమునకు ప్రత్యేకమైనది. ఇంతవరకు గుర్తింపునకు నోచుకొనక నిర్లక్ష్యమునకు గురియైనది."

"పేరు?"

"జోడువాగు భాష."

"మాట్లాడేవాళ్ళు ఎందరు?"

ఆయన జనం వైపు తిరిగారు. "ఇప్పుడు వీరిరువురును మాట్లాడుకొనినది ఎవరెవరికి అర్థమైనది? దయచేసి భయపడక చేతులెత్తుడు. కేసు వ్రాయబడదు."

మొదట ఎవరూ ఎత్తలేదు. తర్వాత జంగు ఎత్తాడు. గోడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరాడవాళ్ళూ ఒకరి వైపొకరు చూసుకుని ఎత్తారు. కోస్తా రైతులెత్తారు. పోశెట్టి సారు రెండు చేతులూ ఎత్తాడు. పదకొండుమంది ప్రకటనకర్తలు ఎత్తారు. నెలన్నరగా ఒకే టీకొట్టు దగ్గర టీ తాగుతున్నారు మరి. మారుతి ఎత్తి, చటుక్కున దించి, తనపేరు తనే రిజిస్టరులో రాసుకుని మళ్ళీ ఎత్తాడు.

"అందరూ," అని నేను లెక్క రాశాను.

అందరూ మాట్లాడే భాష గనక ప్రతిరోజూ దాని ప్రకటనే ముందు రావాలని మేడం అక్కడికక్కడే ఆదేశించారు. ప్రకటన చేయడానికి తెలిసిన మనిషి కావాలి. ముసలమ్మ తుల్జాబాయి భుజం తట్టి, ఈ పిల్ల నాకంటే బాగా మాట్లాడుతుందని సాక్ష్యం చెప్పింది. పర్మనెంటు ఫారం తెప్పించారు. మాతృభాష గడిలో నేను జోడువాగు అని రాశాను. సరిగ్గా పట్టింది. తుల్జాబాయి సంతకం పెట్టి, పెన్ను నాకివ్వబోయి ఇవ్వలేక కొంగు మొహానికడ్డం పెట్టుకుంది. పంతొమ్మిదేళ్ళు కదా.

ఆ సాయంత్రం శాలువా కప్పించుకుని తల్లిని ఇంటికి తీసుకెళ్తూ మార్తాండరావు గారు కౌంటరు దగ్గర ఆగారు. ఏదో అనాలనుకున్నారు.

"చేతులు బల్లపైననే ఉంచుకొనుమమ్మా," అన్నారు.

మరుసటి రోజు నుంచి తుల్జాబాయి తొమ్మిది సెకన్లలో చెప్పేది. జనం ఎక్కేవాళ్ళు. బస్సు వెళ్ళిపోయేది. తర్వాత పదకొండుమందీ పట్టిక ప్రకారం ఇరవై రెండు నిమిషాలు పూర్తి గౌరవంతో ఖాళీ ఫ్లాట్‌ఫారానికి చదివేవాళ్ళు. ఎవరికీ ఫిర్యాదు లేదు. సంస్కృతం దరఖాస్తు పెట్టిన మాస్టారు మాత్రం రోజూ వచ్చి తనది విని వెళ్ళేవాడు.

ఇలా మూడు వారాలు గడిచాయి. అప్పుడు రాజధాని నుంచి, కొత్తగా ఏర్పడిన జోడువాగు భాషా సంరక్షణ సంఘం నుంచి ఉత్తర్వు వచ్చింది. నవజాత భాష పసిబిడ్డ వంటిదనీ, దానిని కల్తీ నుంచి కాపాడుట తక్షణ కర్తవ్యమనీ, ఇకమీదట జోడువాగు భాషలో అన్యభాషా పదములు కలపరాదనీ అందులో ఉంది. పరాయి పదాలు ఏరివేసి శుద్ధప్రతి పంపమన్నారు.

నేనూ తుల్జాబాయీ కూర్చున్నాం. ఆమె రోజూ చెప్పే ప్రకటనను మైకులో అన్నది అన్నట్టుగా కాగితం మీద రాశాను. ఎర్రపెన్ను తీసుకున్నాను. మరాఠీ మాటలు కొట్టేశాను. ఉర్దూవి కొట్టేశాను. తెలుగువీ కొట్టేశాను. లంబాడీ, గోండి, కొలామీ పోయాయి. నంబరు ఇంగ్లీషని అదీ కొట్టేశాను. బోరిగూడ ఊరి పేరు కదా అని ఆలోచించి, గూడ గోండుల మాటని గుర్తొచ్చి కొట్టేశాను. చివరికి కాగితం మీద ఒక్క ముక్క మిగిలింది. మైకు నొక్కాక గొంతు సవరించుకోవడానికి ఆమె తీసే దీర్ఘం.

"ఇది ఏ భాషదక్కా?" అని అడిగాను.

తుల్జాబాయి కాగితం వెలుగుకు పెట్టి చూసింది. "అది నాదే అన్నా."

శుద్ధప్రతి పంపాం. వారంలో ఆమోదమై వచ్చింది. సంఘం హర్షం ప్రకటించింది.

ఆ మరుసటి ఉదయం బోరిగూడ బస్సు వచ్చి ఆగింది. తుల్జాబాయి కుర్చీలో నిటారుగా కూర్చుంది. కొప్పు సవరించుకుంది. మైకు నొక్కి, పూర్తి గౌరవంతో, "ఆఁ..." అంది.

బస్సు నిండింది. నిమిషం ముందే బయలుదేరింది.